వరసలో లేని లెక్కల సారు

మా కోచింగ్ సెంటర్లో ఎవరు ఎలా పాఠం చెబుతున్నారన్న దాని మీద ఏనాడూ గొడవ జరగలేదు. గొడవలన్నీ ఎవరి ఫోటో పైన ఉండాలన్న దాని మీదే. నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. చాగలమర్రి నుంచో ప్యాపిలి నుంచో డిగ్రీ పాసైన పిల్లలు ట్రంకుపెట్టె మోసుకుంటూ బస్సు దిగుతారు. దిగగానే ఎదురుగా గోడ నిండా పోస్టర్లు. పోస్టర్లో పైన ఎవరి ముఖం ఉంటే ఆయనే పెద్ద సారు, ఆయన ఎక్కడ చెబితే అక్కడే చేరాలి. కింది వరసలో ఉన్న ముఖాలు కూరలో కరివేపాకు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆ సెంటర్లో చేరాను. డిగ్రీ తర్వాత కంప్యూటర్ డిప్లొమా చేశాను కాబట్టి పేరుకు కంప్యూటర్ టీచర్ని. చేసింది మాత్రం మెటీరియల్ టైపు చేయడం, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాలు పీకడం, కరస్పాండెంటు గారి పొలం తగాదాల అర్జీలు టైపు కొట్టడం. కరస్పాండెంటు అంటే మా వైపు ప్రైవేటు కాలేజీలకూ కోచింగులకూ యజమాని. ఈయనది ఆళ్లగడ్డ దగ్గరి పల్లె, తాతల నాటి నుంచి భూములున్న కుటుంబం. చదువు మీద గౌరవం ఎక్కువ, చదువుకున్నవాళ్ల మీద మాత్రం ఆ గౌరవం కనిపించేది కాదు. జీతగాళ్లను ఎలా పిలిచేవాడో లెక్చరర్లనూ అలాగే పిలిచేవాడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టేవాడు, తేడా అంతే.

ఆ సెంటర్ని నిలబెట్టింది లెక్కల సారు. ఈ మాట ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు, వాళ్లలో నేనొకదాన్ని. ప్యాపిలి మనిషి. బక్కగా, పొడుగ్గా, చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు. రైళ్లు, పనిరోజులు, చక్రవడ్డీ, ఏ లెక్కైనా పిల్లవాడి తలలోకి మేకు దిగ్గొట్టినట్టు దించేవాడు. ఆ దించడంలో తలకేమవుతుందో పట్టించుకునేవాడు కాదు. ప్రతివారం టెస్టు పెట్టి, వచ్చిన మార్కులను బట్టి పిల్లలను కూర్చోబెట్టేవాడు. ఎక్కువ వచ్చినవాడు ముందు బెంచీ, తక్కువైనకొద్దీ వెనక్కి. సున్నా వచ్చినవాడు ఆఖరి బెంచీ. టెస్టు ఎగ్గొట్టినవాడికి ఆ బెంచీ కూడా లేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట, నేల మీద కూర్చోవాలి. ఒకసారి బేతంచెర్ల నుంచి వచ్చిన పిల్లవాడు జ్వరమొచ్చి రాలేదని మొత్తుకుంటే ఈయనన్న మాట వరండాలో ఉన్న నాకూ వినిపించింది.

"సున్నా వచ్చినోడు కనీసం వచ్చినాడు రా. రానోడు సున్నాకి గూడా పనికిరాడు."

నన్ను "టైపు మేడం" అనేవాడు. నేను టైపు చేసిన మెటీరియల్లో తప్పులుంటే నాతో చెప్పేవాడు కాదు. క్లాసులో పిల్లలకు చదివి వినిపించి నవ్వించేవాడు, ఆ నవ్వు గోడ దాటి కంప్యూటర్ గదిలో ఉన్న నాకు వినపడేంతవరకూ ఆపేవాడు కాదు. నేను ఆయన్ని క్షమించలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, చివర్లో మీరు నా దగ్గర కన్నీళ్లు వెతుక్కోకుండా ఉంటారని.

తర్వాత కరస్పాండెంటు గారి అల్లుడు దిగాడు. బెంగళూరులో ఇంజనీరింగు చదివి, అక్కడి ఉద్యోగం మామగారి హోదాకు సరిపోలేదని వెనక్కి వచ్చాడు. వచ్చీ రాగానే డైరెక్టరయ్యాడు. ఆయన కూడా లెక్కలే చెబుతానన్నాడు. షార్ట్‌కట్లు చెబుతాడు, పిల్లలతో ఇంగ్లీషులో జోకులేస్తాడు. ఒక సెంటర్లో లెక్కలకు ఇద్దరెందుకు అన్న ప్రశ్న మొదట స్టాఫ్ రూములో పుట్టింది, వారం తిరక్కుండా ప్యూను కూడా అడగడం మొదలుపెట్టాడు. ఆళ్లగడ్డలో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, లెక్కల సారును అక్కడికి పంపేస్తారు అన్న మాట అందరి నోళ్లలో నానింది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ గంటన్నర దూరం కూడా ఉండదు. అయినా కోచింగ్ చెప్పేవాడికి అది దేశాంతరమే. ఆళ్లగడ్డ పిల్లలే నంద్యాల వచ్చి చేరతారు, అక్కడెవరు మిగులుతారు? నంద్యాలలో ఉంటే ఆయన లెక్కల సారు. ఆళ్లగడ్డకు పోతే ఎవరూ కాడు. ఆయనకు తెలుసు. అందుకే ఆ రోజుల్లో పోస్టరు ప్రూఫు వచ్చినప్పుడల్లా ఆఫీసులోకి దూరి, పైన ఎవరి ముఖం ఉందో చూసుకుని పోయేవాడు.

అల్లుడికి వెబ్‌సైటు కావాల్సి వచ్చింది. హైదరాబాదులో పెద్ద కోచింగులకు ఉంది, మనకెందుకుండకూడదు అన్నాడు. చేయడానికి బయటివాళ్లెందుకు, ఊరికే జీతం తీసుకుంటున్న టైపు మేడం ఉందిగా. నేను పీహెచ్‌పీ అనే వెబ్‌సైట్లు రాసే భాష మీద లావుపాటి పుస్తకం ఒకటి తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, ఎవరికీ కృతజ్ఞత చెప్పక్కర్లేదు. ఆ హాయి నాకు ఇప్పటికీ ఉంది.

అందులో మనుషుల వివరాలను ఒక్కొక్కరికీ ఒక కీ తగిలించి దాచుకోవచ్చు. లాడ్జీలో ప్రతి తాళం చెవికీ రూము బిళ్ల ఉన్నట్టు. ఆ కీ పిలిస్తే ఆ మనిషి ఫోటో, చదువు, సబ్జెక్టు అన్నీ వచ్చేస్తాయి. నేను ఇంగ్లీషులో కీలు పెట్టాను. లెక్కల సారుకు అరిథ్‌మెటిక్‌లోని మొదటి ముక్క, నాకు కంప్యూటర్స్, కరస్పాండెంటుకు కరస్పాండెంట్, అల్లుడికి డైరెక్టర్. అక్షరక్రమంలో పేర్చమని ఒక ముక్క రాశాను. అది అలాగే పేర్చింది. అందరికన్నా పైన లెక్కల సారు. ఆయన కింద నేను. నా కింద కరస్పాండెంటు.

కరస్పాండెంటు గారు మానిటర్ ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఏందమ్మా ఇది? నీ కంటే కింద ఉండానే నేను?"

అక్షరాల ప్రకారం వచ్చింది సార్ అన్నాను. అక్షరాలెవరు నాకు చెప్పేదానికి అన్నాడు. లెక్కల సారు మాత్రం ఆ రోజంతా మీసం మెలేసుకుంటూ తిరిగాడు. మేడం డబ్బాకి కూడా తెలుసు ఎవరు ముందో అని స్టాఫ్ రూములో అందరికీ వినపడేలా అన్నాడు. నన్ను మెచ్చుకోవడం కాదది, డబ్బాను మెచ్చుకోవడం.

సరే, మనకు కావలసిన వరసలో పేర్చే పద్ధతి కూడా ఉంది. యంత్రం రెండేసి కీలు చేతికిచ్చి వీళ్లలో ఎవరు ముందు అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఫంక్షన్, అంటే చిన్న కోడు ముక్క, మనమే రాసుకోవాలి. నేను ఒక్కొక్క కీకి ఒక్కొక్క స్థానం నెంబరు ఇచ్చి, ఎవరి నెంబరు చిన్నదైతే వాళ్లు ముందు అని రాశాను. ఒక్కచోట నెంబర్లు మార్చితే సైటులో అన్ని పేజీలూ మారిపోతాయి. ఈ సంగతి తెలియగానే స్టాఫంతా నా గది చుట్టూ తిరగడం మొదలైంది. ఇంగ్లీషు సారు తన భార్య చేసిన బొబ్బట్లు తెచ్చాడు. జీకే సారు తనకు రెండు పీజీలున్నాయని గుర్తుచేశాడు. రీజనింగ్ మేడం, ఆడవాళ్లం మనం మనం చూసుకోకపోతే ఎలా అంది. అంతకుముందు ఏడాది మొత్తం ఆమె నాతో మాట్లాడింది ప్రింటవుట్ల కోసమే. వాళ్ల ముఖాల మీదే చెప్పాను, నెంబర్లు నా చేతిలో లేవు, ఇచ్చేవాడి దగ్గరికి పొండి అని. బొబ్బట్లు తిన్నాను. మిగతా విషయాల్లో నిజాయితీగానే ఉన్నాను.

ఇక్కడొక చిన్న తగాదా చెప్పాలి, తర్వాత జరిగినదంతా దీని మీదే నిలబడింది. కంప్యూటర్ వాళ్లు లెక్క సున్నా నుంచి మొదలుపెడతారు. నేనూ అలాగే మొదటి స్థానానికి సున్నా అని రాసి, నమూనాగా కరస్పాండెంటు గారి కీ పక్కన పెట్టాను. ఆయన అది చూశాడు. చూసే కళ్లున్న మనిషే.

"నేను సున్నానా?"

సున్నా అంటే ఇక్కడ అందరికన్నా ముందు సార్ అని ఎంత వాదించినా లాభం లేకపోయింది. నేను వాదించి ఓడిపోయిన సందర్భాలు తక్కువ, ఇదొకటి. సున్నా తీసేసి ఒకటి నుంచి మొదలుపెట్టాను. కరస్పాండెంటు ఒకటి, అల్లుడు రెండు. సున్నా స్థానం ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా ఉండిపోయింది.

సైటు ప్రారంభం రోజు పెద్ద హాల్లో సభ పెట్టారు. పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ముఖ్య అతిథిగా రిటైరైన బ్యాంకు మేనేజరు. పెళ్లి వీడియోలు వేసే పెద్ద తెర అద్దెకు తెచ్చారు. అన్నీ వచ్చాయి, వరస మాత్రం రాలేదు. సభకు గంట ముందు కరస్పాండెంటు గారు నా గదికొచ్చి నిలబడి నోటితోనే చెప్పాడు, ఒకటి ఫలానా, రెండు ఫలానా అని. నేను టైపు చేశాను. అందరూ ఆ వరసలోకి వచ్చారు. లెక్కల సారు రాలేదు.

లెక్కల సారు పేరు చెప్పలేదు సార్, ఆయన్ని సైటులోంచి తీసెయ్యాలా అని అడిగాను.

"తీసెయ్ అన్నానా?"

"మరి కడాన పెట్టాలా?"

"పెట్టు అన్నానా? నేను చెప్పిన వరస చెప్పినట్టు పెట్టు. ఉన్నేది ఉన్నట్టే ఉండనీ. సాలు."

ఆయనేం కోరుకుంటున్నాడో నాకు అర్థమైంది. నేను సెంటర్లో చేరకముందు, తొంభైల్లో, మా మేనమామ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. పెళ్లి కార్డులు, కర్మకాండల కార్డులు, గుడి ఉత్సవాల కరపత్రాలు. మా వైపు పెద్ద కుటుంబాల్లో పడనివాడి పేరు కిందికి నెట్టమని ఎవరూ చెప్పరు. చెబితే రేపు ఆ మాట బయటికొస్తుంది, చెప్పినవాడి మెడకు చుట్టుకుంటుంది. వరస చెప్పేటప్పుడు ఆ పేరు ఎత్తకుండా ఊరుకుంటారు. ప్రెస్సువాడు ఊరివాడు, ఎవరికి ఎవరితో పడదో వాడికి తెలుసు. ఎత్తని పేరును అట్టడుగున, సన్న అక్షరాల్లో వాడే సర్దుతాడు. ఆ చుట్టం వచ్చి నిలదీస్తే, ప్రెస్సు నాకొడుకు పొరపాటు చేసినాడు అని ఇంటాయన తప్పించుకుంటాడు. మా మేనమామ అలాంటి తిట్లు జీవితమంతా తిన్నాడు, వాటితో కలిపే రేటు చెప్పేవాడు. కరస్పాండెంటు గారు కూడా అదే చేశాడు. ఆ బ్యాచి పిల్లలు పోస్టరు మీద లెక్కల సారును చూసి చేరారు కాబట్టి పేరు తీసేయడానికి వీల్లేదు. కింద పెట్టమని తన నోటితో చెప్పడానికీ వీల్లేదు. పేరు ఎత్తకపోతే అదే కిందికి జారుతుందని అనుకున్నాడు.

సార్, ఇది ప్రెస్సు కాదు, దీనికి చెప్పందే తెలియదు, ఒక నెంబరు చెప్పండి అన్నాను. కరెంటు పోయే టైమైతాంది, బేగా కానీ అని వెళ్లిపోయాడు. ఆయనన్నట్టే కరెంటు పోయింది. చేసిన మార్పు తెరిచి చూసుకునే అవకాశం కూడా లేదు. కరెంటు తిరిగొచ్చేసరికి హాలు నిండిపోయి, అతిథి మెడలో దండ పడిపోయి, మైకులో నా కంప్యూటర్ కోసం అరుస్తున్నారు.

వేదిక మీద కుర్చీలు కూడా వరసలోనే వేశారు. లెక్కల సారుది ఆ చివర, జనరేటరు వైరు పక్కన. అతిథి ఎంటర్ కీ నొక్కాడు. పేజీ మెల్లగా పైనుంచి కిందికి పరుచుకుంది. అందరికన్నా పైన, కరస్పాండెంటు గారికన్నా పైన, లెక్కల సారు. అది పదేళ్ల కిందటి ఫోటో, జుట్టు రంగు వేయకుండానే నల్లగా ఉంది. పిల్లలు ఈలలేశారు. పాత బ్యాచీల వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

లెక్కల సారు చాలాసేపు తెరకేసి చూశాడు. తర్వాత లేచి, ఎవరూ పిలవకుండానే మైకు దగ్గరికి నడిచాడు. గొంతు వణికింది. క్లాసులో పిల్లల గొంతులు వణికించిన మనిషి.

"నన్ను ఆళ్లగడ్డకు పంపిస్తాండారని అందరూ చెవులు కొరుక్కుంటా ఉండిరి. నేనూ నమ్మితి. ఈ పొద్దు ఆ మహానుబావుడు తన పేరు కంటే పైన నా పేరు పెట్టినాడు. ఇంగ నేను నంద్యాల ఇడిసి యాడికీ పోను."

అని, తనకన్నా వయసులో చిన్నవాడైన కరస్పాండెంటు కాళ్లకు వంగి దండం పెట్టాడు. కరస్పాండెంటు గారు లేచి, భుజాలు పట్టి లేపి, కౌగిలించుకున్నాడు. ఫోటోగ్రాఫరు మళ్లీ ఒకసారి అంటే మళ్లీ కౌగిలించుకున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. ఆ కౌగిలింతలో ఆయన కళ్లు మాత్రం నా వైపే ఉన్నాయి.

సభ అయ్యాక మామా అల్లుళ్లు నన్ను ఆఫీసులోకి పిలిచారు. కావాలనే చేశావని అల్లుడు మొదలుపెట్టాడు. వాళ్లు కూర్చోమనకుండానే నేను కూర్చుని, జరిగింది చెప్పాను. పేర్చే ఫంక్షన్ ఒక్కొక్క కీకి నెంబరు అడుగుతుంది. లెక్కల సారుకు నెంబరే లేదు. లేకపోతే అది ఆగిపోదు, లేనిదాన్ని సున్నా కింద లెక్కేసుకుని ముందుకు పోతుంది. అలాంటప్పుడు ఒక హెచ్చరిక వేస్తుంది గానీ, తెర మీద పిచ్చి అక్షరాలు వద్దని ఆ హెచ్చరికలు కనపడకుండా కట్టేయించింది అల్లుడు గారే. ఒకటి కన్నా సున్నా చిన్నది. మీరు వద్దన్న సున్నాలోకి ఆయనెక్కి కూర్చున్నాడు సార్ అన్నాను. ఇంజనీరింగు చదివినందుకు అల్లుడికి వెంటనే అర్థమైంది. నవ్వడం మొదలుపెట్టాడు, బల్ల మీద తల ఆనించి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మామగారికి నవ్వు రాలేదు. రేపే సరిచేస్తానని నేనంటే చెయ్యెత్తి ఆపాడు. నలుగురిలో ఎక్కినోణ్ణి ఇప్పుడు దించితే దించింది నేనైతాను, ఉండనీ అన్నాడు. అప్పటికే ఆయన వేరే దారి చూసుకుంటున్నాడని ఆ 'ఉండనీ'లోనే నాకు తెలిసింది.

మర్నాడు లెక్కల సారు నా గదికి వచ్చాడు. అన్నేళ్లలో తప్పు చూపించడానికి కాకుండా రావడం అదే మొదటిసారి. చేతిలో పాలకోవా పొట్లం. బల్ల మీద పెట్టి, నిలబడే మాట్లాడాడు.

"పర్వాలేదు మేడం. నీకు టైపు మాత్రమే వస్తాదనుకుంటి. మనిషి ఇలువ గూడా తెలుసు నీకు."

ఆ ఒక్కమాట అనకుండా కోవా పెట్టి పోయుంటే నేను నోరు మూసుకునేదాన్నేమో. అన్నాడు. మెచ్చుకునేటప్పుడు కూడా ముందు ఒక చెంపదెబ్బ కొట్టి మెచ్చుకునే అలవాటు ఆయనది.

"నాకు తెలీదు సార్. దీనికీ తెలీదు. మీ పేరు వరసలో లేదు," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నేను మానిటర్ ఆయన వైపు తిప్పి, కరస్పాండెంటు చెప్పిన వరస చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్క కీ చదువుకుంటూ కిందిదాకా పోయాడు. మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు.

"లేని పేరు పైకెట్లా పోయింది?"

"లేనిదాన్ని సున్నా అనుకుంటాది సార్. ఒకటి కంటే సున్నా ముందు కదా."

జేబులో సుద్దముక్క తడుముకున్నాడు. ఆయన ముఖంలో అవమానం కనపడుతుందేమోనని చూశాను, చూడాలనే చూశాను. ముందు కనపడింది అవమానం కాదు. లెక్క తప్పు చేసిన పిల్లవాడి నోట్సు చూసినప్పటి చిరాకు.

"లేకపోయేదీ సున్నా ఒకటేనా మేడం? రానోడూ, వచ్చి సున్నా తెచ్చుకున్నోడూ ఒకటే అయితారా?"

"దీనికి ఒకటే."

"తప్పు."

"తప్పే సార్. ఆ తప్పు వల్లనే మీరు పైనుండారు. దిద్దమంటారా?"

"దిద్దితే యాడుంటా?"

"కడాన."

బయట వరండాలో పిల్లలు ఆయన క్లాసు కోసం చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఆయన తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. బోర్డు మీద పిల్లవాడు గుణకారంలో ఒక అంకె తప్పు వేస్తే మొత్తం తుడిపించి మొదటి నుంచి చేయించే మనిషి. తప్పు లెక్కకు సరైన జవాబు వచ్చినా ఒప్పుకోని మనిషి.

"ఉండనీలే," అన్నాడు.

లేచి వెళ్లిపోయాడు. కోవా పొట్లం బల్ల మీదే మర్చిపోయాడో, వదిలేశాడో నాకు తెలియదు. ప్యూనుకిచ్చేశాను.

తర్వాతి స్టాఫ్ మీటింగులో కరస్పాండెంటు గారు చాలా ప్రేమగా మాట్లాడాడు. ఆళ్లగడ్డ బ్రాంచి పసిబిడ్డ లాంటిదన్నాడు. ఎవరినో కిందివాళ్లను పంపితే అక్కడి జనం నమ్మరన్నాడు. మన సెంటర్లో మొదటివాడు ఎవరో ఊరంతా తెర మీద చూసింది, ఆ మొదటివాడే పోయి నిలబెడితేనే బ్రాంచి నిలబడుతుందన్నాడు. పక్కనే ఉన్న తల్లిదండ్రుల సంఘం పెద్దమనిషి అవునవునన్నాడు. సభనాడు మైకు ముందు నంద్యాల వదిలి పోనని ఆయన చెప్పిన మాటను ఎవరూ గుర్తుచేయలేదు. లెక్కల సారు కూడా చేయలేదు. పోనని చెప్పాలంటే ఆయన ముందు ఒకమాట చెప్పాలి, నేను మొదటివాణ్ణి కాదు అని. గదిలో ఆ సంగతి తెలిసినవాళ్లం నలుగురం. ఆయన తలెత్తి ఒక్కసారి నా వైపు చూశాడు. నేనేం చెప్పాలి? ఆయన మొదటివాడు కాదని నేను సాక్ష్యం చెప్పాలా? ఉండనీలే అన్నది ఆయనే కదా. నా ముందున్న టీ చల్లారిపోతే తాగలేను, తాగాను.

"సంతోషం," అన్నాడు ఆయన.

ఆయన బస్సెక్కిన వారమే అల్లుడు నా గదికొచ్చి ఆ తప్పు దిద్దించాడు. నెంబరు లేని కీకి ఒక పెద్ద నెంబరు తనంతట తానే వచ్చేలా ఒక్క వాక్యం రాశాను. ఇక మీదట ఎవరి పేరు ఎత్తకపోయినా వాళ్లు బుద్ధిగా అట్టడుక్కి పోతారు. మా మేనమామ ప్రెస్సులో లాగే. ఆ వాక్యం రాయడానికి పట్టిన సమయంలో అల్లుడు గారి టీ కూడా పూర్తికాలేదు. పేజీ తెరిచి చూశాం. పైన మామ, కింద అల్లుడు, ఆ తర్వాత మిగతావాళ్లు. అట్టడుగున నల్లజుట్టుతో లెక్కల సారు. అల్లుడు ఆ ఫోటోను కాసేపు చూసి, ఇప్పుడు ఈ బ్రాంచి మనిషి కాదుగా, తీసెయ్ అన్నాడు. తీసేశాను.

కొన్ని నెలల తర్వాత ఆళ్లగడ్డ బ్రాంచికి ఒక పాత కంప్యూటర్ బిగించడానికి నన్ను పంపారు. ఎరువుల దుకాణం మీద మేడ గది. వెనక శిల్పులు రాళ్లు చెక్కే షెడ్లు, పొద్దున్నుంచీ ఉలి చప్పుడు ఆగదు. మెట్ల మీద దాకా యూరియా వాసన. గదిలో నంద్యాల నుంచి తెచ్చిన పాత బెంచీలు చాలా ఉన్నాయి, కూర్చోవడానికి పిల్లలే లేరు. ఉన్నవాళ్లు రెండు బెంచీలకు సరిపోతారు. అయినా ఆయన వాళ్లను మార్కుల ప్రకారమే కూర్చోబెట్టాడు. ఒకడు మొదటి బెంచీలో, వాడి వెనక ఇంకొకడు, ఇలా ఒక్కొక్క బెంచీకి ఒక్కొక్కడు, ఆఖరివాడు గోడకానుకుని. ఉలి చప్పుడులో ఆఖరివాడికి పాఠం వినపడదు. అది వాడి తప్పే అన్నట్టు చెబుతున్నాడు.

క్లాసు మధ్యలో ఆపి నా దగ్గరికొచ్చాడు. జుట్టుకు రంగు వేయడం మానేశాడు. బ్రాంచికి వేరే పేజీ పెట్టాను సార్ అని చూపించాను. స్టాఫ్ అన్నచోట ఒక్క ఫోటో.

"వరస రాసినావా?"

"అక్కడి కోడే ఇక్కడా పెట్టినా సార్."

"నా నెంబరు ఉందా దాంట్లో?"

లేదని చెప్పాను. ఉన్నా లేకున్నా ఒకటే అని కూడా చెప్పాను. ఒక్క పేరే ఉన్నప్పుడు అది పోల్చదు, ఎవరు ముందని అడగడానికి రెండోవాడు ఉండాలి కదా. పేర్చే ఫంక్షన్‌ని పిలవనే పిలవదు.

"అయితే ఈడ మొదటోణ్ణేనా?"

"మొదటా మీరే, కడానా మీరే సార్."

మెల్లగా తలూపాడు. లెక్క ఒప్పుకున్నప్పుడు ఆయన తల అలాగే ఊగేది. బోర్డు మీద ఆ వారం మార్కులు రాసి ఉన్నాయి, పేరు పక్కన అంకె. అన్నిటికన్నా కింద ఒక పేరు పక్కన ఏమీ లేదు. మొదటి బెంచీ పిల్లవాడు సుద్దముక్క పట్టుకుని, వాడు టెస్టుకు రాలేదు సార్, సున్నా వెయ్యాలా అని అడిగాడు.

ఆయన పిల్లవాడి వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"ఇడిసిపెట్టు రా. సున్నా వేస్తే ఫస్టు వస్తాడు."

పిల్లలకు అర్థం కాలేదు, సారు జోకేశాడని మర్యాదకు నవ్వారు. నాకు నిజంగానే నవ్వొచ్చింది, నవ్వాను. ఆయన నవ్వకుండా బోర్డు దగ్గరికి పోయి, గోడకానుకున్న పిల్లవాణ్ణి పేరు పెట్టి లేపి, రైలు లెక్క చెప్పమన్నాడు. వాడు నోరు తెరిచి ఏదో అన్నాడు. ఉలి చప్పుడులో వినపడలేదు. గట్టిగా చెప్పమని ఆయన అరుస్తూండగానే నేను వైర్లు సంచిలో వేసుకుని మెట్లు దిగాను. నంద్యాల బస్సు పోతే మళ్లీ దానికోసం ఎండలో నిలబడాలి.